నాగా పెట్టలేని నడుము

నాలుగు లేబర్ కోడ్లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటితో కార్మికులకు ఒరిగే మేళ్లలో ఒకటిగా కేంద్రం గట్టిగా ప్రచారం చేసింది 40 ఏళ్లు దాటిన కార్మికులకు ఏటా ఉచిత వైద్య పరీక్ష. వినడానికి బాగానే ఉంది. కానీ 18 ఏళ్లకే వీపు మీద బస్తా ఎత్తుకున్న మనిషికి 40 వచ్చేసరికి నడుములో పరీక్ష చేయడానికి ఏం మిగిలి ఉంటుంది? పైగా ఆ కోడ్ ప్రధానంగా పది మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థల కోసం రాసింది. అడ్డా మీద నిలబడి రోజుకో చోటికి పోయే కూలీకి సంస్థ ఏది?

కండరాల నొప్పులు, కీళ్ల నొప్పుల విషయంలో డాక్టర్ల దగ్గరా ఆరోగ్య కార్యకర్తల దగ్గరా ఒకటే ఫిర్యాదు వినిపిస్తుంది. మగవాళ్లు చివరిదాకా రారు, పూర్తిగా పడిపోయాకే వస్తారు అంటారు. మొండితనమనీ, నిర్లక్ష్యమనీ, తాగుడనీ, మగతనమనీ కారణాలు చెబుతారు. ఇందులో నిజం లేకపోలేదు, దాని దగ్గరకు తర్వాత వస్తాం. ముందు మేము చెప్పదలచుకున్నది వేరు. మన వాడల్లోని మగవాళ్లు నొప్పికి వైద్యాన్ని వాయిదా వేయడం లేదు. నొప్పి పుట్టిన రోజే, చాలాసార్లు ఆ సాయంత్రమే, తమకు అందే వైద్యం చేయించుకుంటున్నారు. వాయిదా పడుతున్నవి రెండు: సరైన పరీక్ష, విశ్రాంతి. ఆ రెండూ వాళ్ల చేతుల్లో లేవు.

సాయంత్రం ఆరు తర్వాత ఏ దళితవాడకైనా వెళ్లి చూడండి. కిరాణా కొట్లో జండూబామ్, అమృతాంజన్ దొరుకుతాయి. మెడికల్ షాపులో చీటీ లేకుండానే "ఒళ్లు నొప్పుల బిళ్లలు" రెండు ఇస్తారు. ఆర్ఎంపీ తలుపు తెరిచే ఉంటుంది. ఆయన నడుం సూది వేస్తాడు, డబ్బులు శనివారం ఇమ్మంటాడు. ఎముక బెణికిందనుకుంటే పుత్తూరు కట్టు లాంటి కట్టు కట్టేవాళ్లు ఉన్నారు. ఇవేవీ కాకపోతే బెల్టు షాపు ఉంది. తెలుగులో మందు అనే ఒకే మాట రెండింటికీ సరిపోవడం ఊరికే కాదు. రోజంతా సెంట్రింగ్ కర్రలు మోసి వచ్చిన వాడికి క్వార్టర్ సీసా నిద్రమాత్ర, నొప్పి బిళ్ల రెండూ అవుతోంది. అది ఒంటికి చేసే హాని వేరే లెక్క. కానీ దాన్ని వ్యసనం ఖాతాలో మాత్రమే రాస్తే, నొప్పి ఖాతా ఎప్పటికీ ఖాళీగానే కనిపిస్తుంది.

ఈ సాయంత్రపు వైద్యంలో అసలు ప్రమాదం సూదీ బిళ్లలే. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. ఎండలో నీళ్లు చాలక చెమటోడ్చే ఒంట్లో ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. కొన్ని చోట్ల సూదిలో స్టెరాయిడ్ కలుస్తుంది. అది వేసిన పూట మనిషికి కొత్త ఒళ్లు వచ్చినట్టు ఉంటుంది, మళ్లీ మళ్లీ వేస్తే ఎముకలు బోలవుతాయి, షుగర్ పెరుగుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు మూల కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. కానీ కిడ్నీ ఇప్పటికే బలహీనపడ్డ మనిషికి నొప్పి బిళ్ల ఎంత ప్రమాదమో తేలడానికి కొత్త పరిశోధన అక్కర్లేదు. ఇక్కడ ఒక సంగతి గుర్తుకొస్తుంది. డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువుల కళేబరాలు తిని రాబందులు కిడ్నీలు పాడై చచ్చిపోతున్నాయని తెలిసి, 2006లో ఆ మందును పశువైద్యంలో నిషేధించారు. మనుషుల కోసం తయారుచేసే పెద్ద సీసాలు పశువులకు మళ్లుతున్నాయని 2015లో వాటినీ ఆపారు. మంచి పనే చేశారు, రాబందులు బతకాలి. అదే శ్రద్ధతో, అదే మందును ఏళ్ల తరబడి మింగుతున్న హమాలీ కిడ్నీని ఎవరైనా లెక్కగట్టారా అన్నదే మా ప్రశ్న.

ఇక విశ్రాంతి సంగతి. మన భాషలో నాగా అనే మాట ఉంది. పనికి పోని రోజు నాగా. పాలేరుతనం, జీతగాడితనం నడిచిన రోజుల్లో నాగా అంటే ఆ రోజు కూలి పోవడంతో అయిపోయేది కాదు, అది అప్పులో కలిసేది. జ్వరమొచ్చినా నడుం పట్టేసినా ఆ రోజును తర్వాత తీర్చాలి. వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది కానీ ఆ లెక్క పూర్తిగా పోలేదు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని వలస పోయే పాలమూరు లేబరుకైనా, ఇటుక బట్టీకి కుటుంబంతో పోయే వాళ్లకైనా, నాగా ఇప్పటికీ అప్పు పుస్తకంలోకే ఎక్కుతుంది.

హమాలీల దగ్గర లెక్క ఇంకోలా ఉంటుంది. అక్కడ పని ముఠాది, కూలి బస్తాకింత. వచ్చిన మొత్తం ముఠా పంచుకుంటుంది. పది టన్నుల లారీ అంటే 50 కిలోల బస్తాలు 200. ఎనిమిది మంది దించితే తలా 25. ఒకడు నడుం పట్టుకుని కూర్చుంటే మిగతా ఏడుగురికీ తలా మూడు, నాలుగు బస్తాలు అదనంగా పడతాయి. లారీ వాడు ఆగడు, గోదాము వాడు ఆగడు. అంటే నొప్పి ఉందని చెప్పుకోవడానికి సిగ్గుపడేది యజమాని ముందు కాదు. తనతో పాటు చెమటోడ్చే వాళ్ల ముందు, తన బావ ముందు, తన అన్న కొడుకు ముందు. ఏ మగతనపు సిద్ధాంతమూ అవసరం లేకుండానే ఈ ఒక్క లెక్క చాలు ఒక మనిషి నోరు మూయించడానికి. హమాలీలంతా దళితులే అని మేము అనడం లేదు. బీసీలు, ఆదివాసీలు, ముస్లింలు కూడా ఈ పనిలో ఉన్నారు. అయితే భూమి లేని వాళ్లకూ, చదువు మధ్యలో ఆగిన వాళ్లకూ ఒంటి బలం తప్ప పెట్టుబడి లేని చోట, మన వాళ్లు ఎంతమంది ఉంటారో చెప్పక్కర్లేదు.

సరే, ఒకరోజు ధైర్యం చేసి నాగా పెట్టి పెద్దాసుపత్రికి పోయాడనుకుందాం. ఓపీ చీటీలు పొద్దున ఇస్తారు, సరిగ్గా అడ్డా మీద పని దొరికే వేళకే. వరుసలో నిలబడి, ఎక్స్‌రే తీయించుకుని, డాక్టరు ముందు కూర్చునేసరికి మధ్యాహ్నం. అక్కడ వినే మాటలు మన ఇళ్లలో అందరికీ కంఠతా వచ్చు. గుజ్జు అరిగిపోయింది. డిస్కు జరిగింది. బరువులు ఎత్తొద్దు. నెల రోజులు రెస్టు తీసుకో. ఈ చీటీలో రాసిన బిళ్లలు ఆసుపత్రి ఫార్మసీలో దొరుకుతాయి, రెస్టు ఏ ఫార్మసీలోనూ దొరకదు. మరుసటి రోజు అతను పనిలోకి వెళితే చెప్పిన మాట వినని రోగి అవుతాడు. అక్కడి నుంచే "మగవాళ్లు వినరు" అనే మాట పుడుతుంది.

నిజానికి ఇప్పటి వైద్యం చెప్పేది కూడా అది కాదు. మామూలు నడుం నొప్పిలో ఎక్కువ భాగం కొన్ని వారాల్లో తగ్గుతుంది. మంచం మీద పడుకోవడం కంటే మెల్లగా తిరుగుతూ, చేయగలిగిన పనులు చేసుకుంటూ, వ్యాయామంతో కండరాలను గట్టిపరుచుకోవడం మేలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆఫీసు కుర్చీలో పనిచేసే వాడికి ఇది వీలయ్యే సలహా. కుర్చీ మార్చుకుంటాడు, గంటకోసారి లేచి నడుస్తాడు. హమాలీకి తేలిక పని అనేది ఒకటి ఉండాలి కదా! 50 కిలోల బస్తాకూ ఖాళీ చేతికీ మధ్య అతనికి ఇంకో మెట్టు లేదు. ఆ మెట్టు కట్టాల్సింది ఫిజియోథెరపిస్టు ఒక్కడే కాదు, పని పెట్టేవాడు కూడా. ఫిజియోథెరపిస్టు అయితే మండల పీహెచ్‌సీలో అసలు కనిపించడు.

ప్రభుత్వ పథకాలు కూడా ఈ ఆలస్యాన్ని పెంచేలాగే ఉన్నాయి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదల ప్రాణాలు కాపాడింది, దాన్ని తక్కువ చేయలేం. తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితిని 10 లక్షలకు పెంచారు కూడా. కానీ ఆ కార్డు ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన వాళ్లకు, జాబితాలో ఉన్న చికిత్సలకు పనికొస్తుంది. మొదటి నెలలో భుజం పట్టేసినప్పుడు కావాల్సిన పది రోజుల ఫిజియోథెరపీకీ, పోయిన పది రోజుల కూలికీ అందులో చోటు లేదు. ఆపరేషన్ దాకా చెడిపోతే అప్పుడు కార్డు తీయొచ్చు. ఇలాంటి ఏర్పాటు పెట్టుకుని, ముందే ఎందుకు రాలేదని అడగడం విడ్డూరం.

కూలి పోకుండా చూసే ఏర్పాటు దేశంలో లేకపోలేదు. ఈఎస్ఐ చందాదారుడికి జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల దాకా వేతనంలో 70 శాతం ఇస్తారు. నొప్పితో ఇంట్లో కూర్చున్నా పొయ్యి వెలుగుతుందన్న మాట. ఈ ఆలోచన వెనక ఎవరున్నారో మన విద్యార్థులకు గుర్తుచేయాలి. 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉన్నది బాబాసాహెబ్ అంబేడ్కర్. కార్మికుల ఆరోగ్య బీమాపై అదార్కర్ నివేదిక 1944లో వచ్చింది ఆయన కాలంలోనే. ఆ పునాది మీదే 1948లో ఈఎస్ఐ చట్టం లేచింది. అంబేడ్కర్ జయంతి రోజున రాజ్యాంగం గురించి మాట్లాడతాం, ఈ పని గురించి అంతగా మాట్లాడం. ఆయన శాఖలో రూపుదిద్దుకున్న ఆ రక్షణ ఇప్పటికీ నెలకు 21,000 రూపాయల లోపు జీతంతో రిజిస్టరులో పేరున్న వాళ్లకే అందుతోంది. బస్తాకింతని కూలి తీసుకునే ముఠా దాని గడప బయటే ఉంది.

జాబితాల సంగతి ఇంకా స్పష్టం. 1948 ఫ్యాక్టరీల చట్టంలో వృత్తి వల్ల వచ్చే, ప్రభుత్వానికి తెలియజేయాల్సిన 29 జబ్బుల పట్టిక ఉండేది. సీసం విషం, సిలికోసిస్, చెవుడు, చర్మవ్యాధులు ఉన్నాయి. నడుము, మెడ, భుజం, మోకాలు లేవు. 2020 కోడ్ కూడా ఆ పట్టికనే మోసుకొచ్చింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తి వ్యాధుల జాబితాలో కండరాలు, కీళ్ల జబ్బులకు ఒక విభాగమే కేటాయించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మందికి నడుం నొప్పి ఉంది. మన చట్టానికి మాత్రం అది ఇంకా ఇంట్లో వాళ్ల సమస్యే. చట్టం గుర్తించని నొప్పిని మనిషి మాత్రం జబ్బుగా ఎలా గుర్తిస్తాడు? "ఏముంది, పని నొప్పులు" అంటాడు. వయసుతో వచ్చింది అంటాడు. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో కొందరికి ఆ బిగుసుకుపోయిన కీళ్లు ఫ్లోరైడ్ నీళ్ల వల్ల కూడా కావచ్చు. పరీక్ష చేయించుకోకపోతే పని నొప్పికీ నీటి నొప్పికీ తేడా తెలిసే దారి లేదు.

ఉత్తర, మధ్య, తూర్పు భారతంలోని తొమ్మిది రాష్ట్రాల సమాచారంతో 2022లో వచ్చిన ఒక అధ్యయనం, దళితుల ఆయుర్దాయం అగ్రకుల హిందువుల కంటే మూడేళ్లకు పైగా తక్కువని చూపింది. తెలుగు రాష్ట్రాలు అందులో లేవు. ఆ మాట ముఖ్యమైనదే. అయితే నొప్పి ఎవరినీ చంపదు, అందుకే ఆయుర్దాయపు లెక్కల్లోనూ అది దొరకదు. బతికిన ఏళ్లలో ఎన్ని ఏళ్లు చెయ్యి తల మీదకు ఎత్తలేక, కింద కూర్చుంటే లేవలేక గడిచాయో చెప్పే లెక్కను కులాల వారీగా తీయాలి. పరిశోధక విద్యార్థులు చదివే ఈ పేజీలో ఈ మాట అడగడం మా స్వార్థం కూడా.

ఇప్పుడు మగతనం దగ్గరకు వద్దాం. "మొగోడివై ఉండి నొప్పంటావేంటి" అనే మాట మన వాడల్లో ఉంది. అది మన నాన్నలు మనతో అన్నదే. కానీ ఈ మాట ఒక్క మన ఇంట్లో పుట్టింది కాదు. వాళ్ల ఒళ్లు గట్టిది, ఎండకూ వానకూ ఏమీ కాదు, కాయకష్టం చేసేవాడికి రోగమే రాదు అని ఊరు తరతరాలుగా చెప్పిన మాటకు ఇది లోపలి ప్రతిధ్వని. మన మగవాళ్లకు ఊరి నుంచి ఎప్పుడైనా మెచ్చుకోలు దక్కిందంటే అది ఒంటి బలానికే. ఫలానా వాడు ఇద్దరి పని ఒక్కడే చేస్తాడు అని. చదువుకు, తెలివికి, మాటకు దక్కని గౌరవం బస్తాకు దక్కితే, ఆ బస్తాను దించడం పరువు దించుకోవడంలా ఉంటుంది. ఇక కాయకష్టమే ఆరోగ్యం అనే వాళ్లకు ఒక్క మాట. జిమ్‌లో 50 కిలోలు ఎత్తే కుర్రాడు రెండు నిమిషాలు ఆగి మళ్లీ ఎత్తుతాడు, రేపు కాళ్లు, ఎల్లుండి సెలవు అని పెట్టుకుంటాడు, గుడ్లు తింటాడు. హమాలీ ఎప్పుడు ఆగాలో లారీ చెబుతుంది.

ఈ పరువులో మనకూ కొంచెం భాగం ఉంది. మన సభల పోస్టర్ల మీద పిడికిలి, కండలు తిరిగిన చెయ్యి, డప్పు కొట్టే బలమైన భుజం. ఆ బొమ్మలు మనకు కావాలి. అదే భుజం రాత్రి పక్క మీద ఏ వైపు పడుకోవాలో తెలియక తిప్పలు పడుతుందన్న సంగతి కూడా ఎక్కడో ఒకచోట చెప్పుకోగలగాలి.

మగవాళ్ల ఆలస్యం గురించే రాస్తున్నాం కదా అని ఆడవాళ్ల నొప్పి తక్కువని అనుకోకూడదు. ప్రపంచ లెక్కల్లో నడుం నొప్పి ఆడవాళ్లకే ఎక్కువ. నాట్లలో రోజంతా వంగి, మార్కెట్ యార్డులో చాటకూలీగా గింజలు చెరిగి, పొద్దు పొడవక ముందే రోడ్లు ఊడ్చి వచ్చిన ఆమె, రాత్రి మొగుడి నడుముకు వేడినీళ్ల కాపడం పెడుతుంది. ఆమె నడుముకు కాపడం ఎవరు పెడతారు? భర్త మోకాలు పూర్తిగా పోయిన రోజు నుంచి ఇంటి సంపాదన ఆమె మీద పడుతుంది, అతని సేవ, అతని చిరాకు కూడా ఆమె మీదే పడతాయి. చాలా ముఠాల్లో తండ్రి స్థానం కొడుక్కి వస్తుంది. ఇంటర్‌లో ఉన్న పిల్లవాడు "నాలుగు రోజులు నాన్న బదులు పోయొస్తా" అని వెళ్తాడు. సీజన్ అయ్యేదాకా తిరిగి రాడు, కొందరు కాలేజీకి ఎప్పటికీ రారు. స్కాలర్‌షిప్ ఆలస్యమై చదువు మానేసిన వాళ్ల గురించి మనం పోరాడుతున్నాం. తండ్రి నడుము విరిగి చదువు మానేసిన వాళ్లు ఏ డ్రాపౌట్ రిజిస్టరులోనూ ఆ కారణంతో కనిపించరు.

ఇంతకీ బస్తా 50 కిలోలే ఎందుకుండాలి? సిమెంటు 50, రేషన్ బియ్యం 50. మగ కార్మికుడు మోయగల గరిష్ట బరువుగా అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో సిఫారసు చేసింది 55 కిలోలు. అది అప్పుడప్పుడూ ఎత్తేవాడికీ గంటకు పాతిక ఎత్తేవాడికీ ఒకటే కాదు. బస్తా తగ్గించడం అసాధ్యమేమీ కాదని ప్రభుత్వమే చూపించింది. 2018 మార్చి నుంచి యూరియా బస్తాను 50 నుంచి 45 కిలోలకు తగ్గించారు. రైతులు యూరియా ఎక్కువ చల్లకుండా ఉండాలని తగ్గించారు, హమాలీ నడుము కోసం కాదు. నేల ఆరోగ్యం కోసం బస్తా తగ్గినప్పుడు, మనిషి ఆరోగ్యం కోసం బియ్యం బస్తా 30 కిలోలకు ఎందుకు తగ్గదు?

మహారాష్ట్రలో 1969లోనే మాథాడీ చట్టం వచ్చింది. సరుకు యజమాని కూలితో పాటు కొంత శాతం లెవీ బోర్డుకు కడతాడు. దాన్నుంచి పీఎఫ్, గ్రాట్యుటీ, వైద్యం నడుస్తాయి, నవీ ముంబైలో మాథాడీల పేరుతో ఆసుపత్రే ఉంది. ఎంతమంది యజమానుల దగ్గర పనిచేసినా కార్మికుడు బోర్డు మనిషే. అక్కడి మాథాడీల్లో చాలామంది పశ్చిమ మహారాష్ట్ర నుంచి వచ్చిన మరాఠాలు, వాళ్ల మాటకు అసెంబ్లీలో బరువుంది అనే సంగతి మరిచిపోకూడదు. ముఠా, జట్టు, హమాలీ కార్మికుల కోసం ఆంధ్రప్రదేశ్‌లోనూ 1976లో చట్టం చేశారు. గుంటూరు మిర్చి యార్డులోనో, వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లోనో ఒక హమాలీని ఆపి ఆ చట్టం పేరు అడిగి చూడండి. చట్టం ఎంత బతికి ఉందో అక్కడే తెలుస్తుంది.

కార్యకర్తలకు వెంటనే ఉపయోగపడే ఒక్క విషయం ఇక్కడే చెప్పేస్తాం. నడుం నొప్పితో పాటు మూత్రం పట్టు తప్పినా, అసలు రాకపోయినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకుండా జారిపోతున్నా అది సూది వేయించుకుని చూసే నొప్పి కాదు. ఆ పూటే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి, గంటలు లెక్కలోకి వస్తాయి. జ్వరంతో కూడిన నడుం నొప్పినీ, బరువు తగ్గిపోతూ వచ్చే నొప్పినీ కూడా వదిలేయకూడదు. మన వాడల్లో టీబీ వెన్నెముకకూ వస్తుంది.

మిగతాది బేరం దగ్గర తేలాల్సిన విషయం. సివిల్ సప్లైస్ గోదాముల్లో, మార్కెట్ యార్డుల్లో హమాలీ సంఘాలు కూలి రేట్ల కోసం సమ్మెలు చేస్తూనే ఉన్నాయి, ఒప్పంద పత్రాల మీద సంతకాలు పెడుతూనే ఉన్నాయి. ఆ పత్రంలో బస్తాకు ఎన్ని రూపాయలు అనే గడి ఉంటుంది. బస్తాకు ఎన్ని కిలోలు, నడుం పట్టేసిన మనిషికి ఎన్ని రోజుల కూలి, ఆ రోజుల్లో అతనికి ఇచ్చే తేలిక పని ఏమిటి అనే గడులు కూడా వచ్చే ఒప్పందంలో గీయించాలి. సంఘాల నాయకుల్లోనూ నడుముకు బెల్టు కట్టుకుని చర్చలకు వచ్చే వాళ్లున్నారు. ఆ బెల్టు చొక్కా పైన కట్టుకుని కూర్చుంటే యాజమాన్యానికీ కనిపిస్తుంది.